కీళ్లవాతం మందుల కథ: ఖరీదెంత, ఫలమెంత?



దసరా నాటి రాత్రి మన దేవరగట్టు కొండమీద మాళ మల్లేశ్వరస్వామి కల్యాణం, ఆ తరువాత జరిగే కర్రల సమరం మీకందరికీ తెలిసినవే. ఉత్సవమూర్తుల కోసం నెరణికి, నెరణికి తండా, కొత్తపేట వాళ్లు ఒకవైపు, చుట్టుపక్కల ఊళ్లవాళ్లు మరొకవైపు కర్రలు పట్టుకుని తలపడతారు. తల చిట్లినా, చెయ్యి వాచినా చాలామంది అక్కడికక్కడే ఇంత పసుపు అద్దుకుని మళ్లీ జనంలో కలిసిపోతారు. దెబ్బ కనిపిస్తుంది, నెత్తురు కనిపిస్తుంది, నాలుగు రోజుల్లో మానడమూ కనిపిస్తుంది. అది వాళ్ల ధైర్యం, వాళ్ల నమ్మకం.

అయితే ఏ కర్రా తగలకుండానే చేతివేళ్లు వాచిపోయే జబ్బు ఒకటుంది. దానికి పసుపూ చాలదు, ధైర్యమూ చాలదు. పొద్దున్నే లేస్తే పిడికిలి బిగియదు. జొన్నరొట్టె తడదామంటే అరచెయ్యి సాగదు. చీర కుచ్చిళ్లు పెట్టుకోవడానికి కూతుర్ని పిలవాలి. "ఏమక్కా, చేతులు ఎట్లుండాయి?" అని పక్కింటావిడ అడిగితే, "పొద్దెక్కేదాకా కొంకర్లు పోయే ఉంటాయమ్మా" అంటుంది ఆ ఇల్లాలు. దీన్ని మనవాళ్లు కీళ్లవాతమంటారు. డాక్టర్లు రుమటాయిడ్ ఆర్థరైటిస్ అంటారు. వయసు మళ్లాక మోకాలి చిప్పలు అరిగే నొప్పి వేరు, ఇది వేరు. మన ఒంటిని కాపాడవలసిన రక్షణశక్తే దారితప్పి మన కీళ్లమీద పడటం వల్ల వచ్చే జబ్బు ఇది. మగవాళ్లకంటే ఆడవాళ్లకు రెండు మూడు రెట్లు ఎక్కువగా వస్తుంది. అదీ ముసలితనంలోనే అనుకోకండి, పిల్లలను బడికి పంపే వయసులోనూ వస్తుంది.

ఈ జబ్బుకు ఈ మధ్యకాలంలో చాలా గొప్ప మందులు వచ్చాయి. వాటి ఖరీదూ అంత గొప్పదే. వాటికి తక్కువ ధరలో పోలిక మందులు మన హైదరాబాదులోనే తయారవుతున్నాయి. "మరి ఆ చవక మందు కొనవచ్చునా? దానివల్ల ఫలముందా?" అనేది ఇవాళ చాలా ఇళ్లలో నగలపెట్టె ముందు కూర్చుని వేసుకునే ప్రశ్న. దానికి జవాబు కావాలంటే ఈ మందుల చరిత్ర కొంచెం తెలియాలి.

1800 సంవత్సరంలో పారిస్ నగరంలో లాంద్రే-బోవే అనే యువ వైద్యుడు సాల్పెత్రియేర్ ఆసుపత్రిలోని తొమ్మిదిమంది రోగులను చూసి ఒక వ్యాసం రాశాడు. ఆ తొమ్మిదిమందీ స్త్రీలే. ఆ రోజుల్లో కీళ్లు వాచాయంటే గౌట్ అనేవారు. తిండికీ మద్యానికీ లోటులేని ధనవంతులైన మగవాళ్ల జబ్బని దానికి పేరు. పేదస్త్రీలకు వచ్చిన ఈ వాపు అది కాదని ఆయన గమనించాడు. 1859లో లండన్ వైద్యుడు ఆల్‌ఫ్రెడ్ గారడ్ దీనికి రుమటాయిడ్ ఆర్థరైటిస్ అని పేరు పెట్టాడు. పేరైతే వచ్చింది కానీ మందు రావడానికి ఇంకా తొంభై ఏళ్లు పట్టింది. అంతదాకా ఆస్పిరిన్, బంగారపు లవణాల ఇంజెక్షన్లు, వేడినీటి కాపడం, ఇవే గతి.

1948 సెప్టెంబరులో అమెరికాలోని మేయో క్లినిక్‌లో ఫిలిప్ హెంచ్ అనే డాక్టరు, మంచం దిగలేని ఒక యువతికి కార్టిసోన్ అనే పదార్థం ఇచ్చాడు. కొద్దిరోజుల్లోనే ఆమె లేచి నడిచింది. లోకమంతా నివ్వెరపోయింది. 1950లో హెంచ్‌కూ ఆయనతోపాటు మరి ఇద్దరికీ నోబెల్ బహుమతి వచ్చింది. మొదట్లో ఈ కార్టిసోన్‌ను పశువుల పైత్యరసం నుంచి ముప్పైకి పైగా మెట్లు దాటించి తయారుచేసేవారు. కనుక బంగారంకంటే ప్రియంగా ఉండేది. 1950ల మొదట్లో ఒకరకం బూజుచేత ఆ పనిలో కష్టమైన మెట్టును చేయించడం నేర్చారు. ధర దభాలున పడిపోయింది. మందు చవకైంది, అందరికీ అందింది. దానితోపాటే దాని చెడుగుణాలూ అందరికీ అందాయి. ముఖం ఉబ్బడం, ఎముకలు గుల్లబారడం, చక్కెరవ్యాధి పెరగడం. నొప్పి తగ్గుతుందే కానీ ఏళ్ల తరబడి దాన్నే నమ్ముకుంటే ఒళ్లు దెబ్బతింటుంది. మందు చవకైనంత మాత్రాన ఇంటికి లాభం కాదని ఈ చరిత్రలో వచ్చిన మొదటి పాఠం ఇది. ఈనాటికీ సంతల్లో పేరులేకుండా అమ్మే కొన్ని "వాతపు పొడులలో" ఈ స్టెరాయిడ్ కలిపినట్లు పరీక్షల్లో బయటపడుతూనే ఉంది. రెండు రోజుల్లో మంత్రం వేసినట్లు నొప్పి పోయిందంటే సంతోషించడానికి ముందు అనుమానించాలి.

ఇక రెండో మందు కథలో మన తెలుగువాడున్నాడు. 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారు మద్రాసులో వైద్యం చదివి, అమెరికా చేరారు. ఆయన అన్నదమ్ములను స్ప్రూ అనే పేగుల జబ్బు పొట్టనబెట్టుకుంది. ఆ దుఃఖం ఆయన్ను పరిశోధన వైపు తిప్పిందని చెబుతారు. 1940లో లెడర్లే కంపెనీలో చేరి, ఆయన నడిపిన బృందం 1945 నాటికి ఫోలిక్ యాసిడ్‌ను ప్రయోగశాలలో తయారుచేసింది. గర్భిణీస్త్రీలకు ఆసుపత్రిలో ఇచ్చే ఫోలిక్ మాత్ర ఇదే. దానికి విరుగుడుగా పనిచేసే అమినాప్టెరిన్, మెథోట్రెక్సేట్ అనేవి కూడా ఆ లెడర్లే పనిలోంచే పుట్టాయి. 1948లో బోస్టన్‌లో డాక్టర్ ఫార్బర్ రక్తపు క్యాన్సరు వచ్చిన పిల్లలకు అమినాప్టెరిన్ వాడి మొదటిసారి ఉపశమనం చూపించాడు. అదే ఏడు ఆగస్టులో సుబ్బారావుగారు కన్నుమూశారు.

1951లో గబ్నర్ అనే వైద్యుడు అమినాప్టెరిన్‌ను కొద్ది మోతాదులో కీళ్లవాతం రోగులకిచ్చి గుణం కనిపించిందని రాశాడు. కానీ అప్పుడు లోకమంతా కార్టిసోన్ వెలుగులో ఉంది. పైగా క్యాన్సరు మందును నొప్పుల మనిషికిస్తామా అనే భయం. అందువల్ల ఆ మాట మూలన పడింది. మళ్లీ 1980లలో గట్టి పరీక్షలు జరిగి, 1988లో అమెరికా ప్రభుత్వం మెథోట్రెక్సేట్‌ను కీళ్లవాతానికి అంగీకరించింది. ముప్పైయేడేళ్లు! ఆ మధ్యలో ఎందరు ఆడవాళ్ల చేతులు వంకరపోయాయో లెక్కలేదు. ఈ రోజు ప్రపంచమంతటా ఈ జబ్బుకు మొదట రాసే మందు ఇదే. మన దేశంలో దీనికి వారానికయ్యే ఖర్చు పదుల రూపాయల్లోనే. ఇందులో ఒక్క జాగ్రత్త ముఖ్యం. ఇది వారానికి ఒక్కసారి మాత్రమే వేసుకునే మందు. రోజూ మింగితే ప్రాణంమీదికి వస్తుంది. బిడ్డను కనాలనుకునేవాళ్లు, గర్భిణులు వాడరాదు. మధ్యమధ్య రక్తపరీక్ష తప్పదు.

అయితే మెథోట్రెక్సేట్ అందరికీ చాలదు. కొందరిలో ఎంత మోతాదు పెంచినా వాపు ఆగదు. వాళ్లకోసం వచ్చినవే కొత్త మందులు. 1992లో లండన్‌లో మార్క్ ఫెల్డ్‌మన్, మన పంజాబులో పుట్టిన రవీందర్ మైనీ, ఇద్దరూ కలిసి టీఎన్ఎఫ్ అనే పదార్థాన్ని అడ్డుకునే మందును కొద్దిమంది రోగులకు ఇచ్చి చూశారు. మన ఒంట్లో మంటను రాజేసేది ఆ టీఎన్ఎఫ్. దాన్ని పట్టుకుంటే కీళ్ల వాపు తగ్గింది. 1998లో ఎటనర్సెప్ట్, 1999లో ఇన్‌ఫ్లిక్సిమాబ్, 2002 చివరిరోజున అడాలిముమాబ్, 2006లో రిటుక్సిమాబ్, ఇలా ఒకదాని వెనుక ఒకటి అమెరికాలో ఈ జబ్బుకు అనుమతి పొందాయి. రిటుక్సిమాబ్ దారి కొంచెం వేరు. రక్షణశక్తిలోని ఒకరకం కణాలను అది తగ్గిస్తుంది. వీటన్నిటినీ కలిపి బయొలాజికల్ మందులంటారు.

ఇవి ఎందుకంత ఖరీదు? మన వంటింటి పోలికతో చెబుతాను. మామూలు మాత్ర ఉప్పులాంటిది. ఆదోనిలో కొన్నా, అమలాపురంలో కొన్నా ఉప్పు ఉప్పే. ఒక ఆస్పిరిన్ అణువులో ఉండే పరమాణువులు 21. దాని నకలు చేయడం కష్టం కాదు. బయొలాజికల్ మందు పెరుగులాంటిది. బతికివున్న కణాలకు మేతవేసి, పెద్ద పెద్ద ఉక్కు తొట్లలో పెంచి, వాటిచేత తయారుచేయించాలి. అందులో ఒక్కొక్క అణువులో వేలకొద్దీ పరమాణువులు. పాలు, తోడు, వెచ్చదనం ఏది కొంచెం మారినా పెరుగు మారినట్లే ఇదీ మారుతుంది. కనుక ఒక కంపెనీ పెరుగులాంటి పెరుగే ఇంకొక కంపెనీ తోడుపెట్టిందని అనాలంటే, చూపుకూ, రుచికీ, ఒంటికీ రెండూ ఒకటేనని పరీక్షలతో రుజువు చెయ్యాలి. అలా రుజువైన మందును బయోసిమిలర్ అంటారు. పోలిక మందు అనుకుందాం. కల్తీ మందు కాదు, నాసిరకమూ కాదు. అచ్చుగుద్దిన నకలు మాత్రం కాదు.

ఇక్కడే మన హైదరాబాదు వస్తుంది. 1961లో ఏర్పడిన ఐడీపీఎల్ అనే ప్రభుత్వ సంస్థ, సోవియట్ సహాయంతో బాలానగర్‌లో మందుల కర్మాగారం పెట్టింది. 1970లో వచ్చిన పేటెంటు చట్టం 1972 నుంచి అమలైంది. మందుకు కాక, దాన్ని తయారుచేసే పద్ధతికి మాత్రమే పేటెంటు ఇచ్చిన చట్టం అది. వేరే పద్ధతిలో అదే మందు చేసుకోవడానికి మనవాళ్లకు తలుపు తెరుచుకుంది. 2005 వరకూ అదే నడిచింది. ఐడీపీఎల్‌లో పని నేర్చిన అంజిరెడ్డిగారు 1984లో డాక్టర్ రెడ్డీస్ స్థాపించారు. మరోవైపు వరప్రసాదరెడ్డిగారి శాంతా బయోటెక్నిక్స్ 1997లో కామెర్ల టీకాను, అంటే హెపటైటిస్ బి టీకాను, హైదరాబాదులోనే తయారుచేసి బజారులోకి తెచ్చింది. అంతకుముందు దిగుమతి టీకా వందల రూపాయలు పెట్టి కొనవలసి వచ్చేది. కణాలచేత మందు చేయించే విద్య మన ఊళ్లో ఉందని రుజువైంది.

2007లో డాక్టర్ రెడ్డీస్ రెడిటక్స్ అనే పేరుతో రిటుక్సిమాబ్‌కు పోలిక మందు విడుదల చేసింది. అప్పట్లో అసలు మందు ధరలో అది దాదాపు సగం ఉండేది. ఈ తరగతికి చెందిన మందులలో ప్రపంచం మొత్తంమీద మొదటి పోలిక మందు అదేనని చెప్పుకుంటారు. మొదట రక్తపు క్యాన్సరుకు వచ్చిన ఆ మందు తరువాత కీళ్లవాతానికీ వాడకంలోకి వచ్చింది. యూరప్‌లో రిటుక్సిమాబ్ పోలిక మందుకు అనుమతి దొరికింది 2017లో, అంటే మనకంటే పదేళ్లు వెనుక. 2013లో సిప్లా కంపెనీ ఎటనర్సెప్ట్‌ను, 2014 డిసెంబరులో అహమ్మదాబాదు జైడస్ కంపెనీ అడాలిముమాబ్‌ను మన దేశంలో తక్కువ ధరకు తెచ్చాయి. అప్పట్లో జైడస్ మందు సీసా ఒకటి రెండువందల డాలర్లు ఉండేది, అమెరికా ధరలో అయిదోవంతు.

ఇందులో గర్వపడవలసిన మాటతోపాటు గుర్తుంచుకోవలసిన మాట కూడా ఉంది. పోలిక మందులను ఎలా పరీక్షించాలో చెప్పే నియమావళి మన దేశంలో 2012లో వచ్చింది, 2016లో దాన్ని ఇంకా గట్టిపరిచారు. 2007 నాటి మందు ఆ నియమావళికంటే ముందుది. కనుక "ఈ మందుకు ఏ పరీక్షలు జరిగాయి?" అని డాక్టరుగారిని అడగడం తప్పూ కాదు, అవమానమూ కాదు.

పోలిక మందుకు మారితే గుణం తగ్గుతుందా అనే సందేహానికి నార్వే దేశం తన ప్రభుత్వ డబ్బుతో ఒక పరీక్ష చేయించింది. 2017లో దాని ఫలితాలు వచ్చాయి. ఇన్‌ఫ్లిక్సిమాబ్ మీద నిలకడగా ఉన్న 482మందిలో, కొందరికి అసలు మందే కొనసాగించారు, కొందరికి పోలిక మందు ఇచ్చారు. వారిలో కీళ్లవాతం వాళ్లే కాదు, పేగుల జబ్బు, చర్మం జబ్బు వాళ్లు కూడా ఉన్నారు. ఏడాది తరువాత జబ్బు ముదిరినవాళ్లు అసలు మందులో నూటికి 26మంది, పోలిక మందులో నూటికి 30మంది. ముందుగా పెట్టుకున్న హద్దులోనే ఆ తేడా ఉంది. అప్పటికే 2015లో నార్వే ఆసుపత్రులు ఆ పోలిక మందును అసలు ధరమీద నూటికి 69 వంతులు తగ్గించి కొంటున్నాయి.

మరి ఖర్చుకు తగ్గ ఫలం అనేదాన్ని ఎలా కొలుస్తారు? ఇంగ్లండులో నైస్ అనే సంస్థ ఈ లెక్క చూస్తుంది. మందు ఎంతకాలం బతికిస్తుందని మాత్రమే కాదు, ఎంత బాగా బతికిస్తుందనీ లెక్కవేస్తుంది. ఆరోగ్యంతో గడిచిన ఒక ఏడాదిని సంపాదించడానికి అదనంగా ఎంత ఖర్చవుతుందో చూస్తుంది. చాలా ఏళ్లపాటు వాళ్లు పెట్టుకున్న గీత ఇరవైవేల నుంచి ముప్పైవేల పౌండ్లు. 2016లో ఈ కొత్త మందులు జబ్బు తీవ్రంగా ఉన్నవాళ్లకు మాత్రమే ఇవ్వాలంది. మధ్యరకం జబ్బువాళ్లకు ఇస్తే ఖర్చుకు తగ్గ ఫలం లేదంది. ఆ తరువాత పోలిక మందులు వచ్చి ధరలు పడ్డాయి. 2021లో అదే సంస్థ మళ్లీ లెక్కవేసి, మధ్యరకం జబ్బువాళ్లకూ ఇవ్వవచ్చునంది. సుమారు 25వేల మందికి తలుపు తెరుచుకుంది. మందు గుణం మారలేదు, జబ్బూ మారలేదు. మారింది ధర ఒక్కటే. పోలిక మందు చేసే అసలు మేలు ఇదే.

ఇక మన లెక్కకు వద్దాం. అక్కడ ఖర్చు ప్రభుత్వానిది. ఇక్కడ చాలా ఇళ్లలో ఖర్చు మనది. 1938లో మాచాని సోమప్పగారు మొదలుపెట్టిన సహకార సంఘంతో పేరుకెక్కిన ఎమ్మిగనూరు మగ్గాల ఊరు. ఆ ఊళ్లో వేళ్లు వంగకపోతే అది నొప్పి మాత్రమే కాదు, ఆ పూట కూలి కూడా. పట్నవాసపు ఇల్లాలికి కూలి పోదు కానీ వంట, ఉతుకు, పసిబిడ్డను ఎత్తుకోవడం, ఇవన్నీ పోతాయి. వాటికి ఎవరూ జీతం కట్టరు కనుక ఆ నష్టం ఏ పుస్తకంలోకీ ఎక్కదు. "ఆడదానికి ఇంత ఖర్చా?" అని ఇంట్లో పెద్దలు అన్నప్పుడు ఈ నష్టం కూడా కలిపి లెక్కవేయమనండి.

లెక్కకోసం ఒక ఉదాహరణ అనుకుందాం, ఇవి బజారు ధరలు కావు. అసలు మందుకు ఏడాదికి రెండులక్షలు, పోలిక మందుకు లక్ష. సగానికి సగం మిగులు! కానీ ఆ ఇంటివాళ్లు నగ తాకట్టుపెట్టి నాలుగు నెలలు వాడి, డబ్బు చాలక ఆపేశారనుకోండి. వాపు చాలామందిలో మళ్లీ తిరిగివస్తుంది. నగా పోయె, చెయ్యీ పోయె. అప్పుడు ఆ సగం ధర మందు కూడా ప్రియమైనదే. వారానికి పదుల రూపాయల మాత్రను నాగా లేకుండా వాడి, నెలనెలా డాక్టరుకు చూపించుకున్న ఇల్లాలు అంతకంటే ఎక్కువ ఫలం పొందవచ్చు.

ఇది నా ఊహ కాదు. 2013లో 353మంది రోగుల మీద చేసిన ఒక పరీక్ష ఫలితాలు వచ్చాయి. మెథోట్రెక్సేట్ ఒక్కటే చాలని వాళ్లలో కొందరికి దానితోపాటు సల్ఫాసలజీన్, హైడ్రాక్సీక్లోరోక్విన్ అనే రెండు పాత, చవక మాత్రలు కలిపి ఇచ్చారు. మిగతావాళ్లకు ఎటనర్సెప్ట్ ఇంజెక్షన్ కలిపి ఇచ్చారు. గుణం లేనివాళ్లను ఆరునెలలకు అటూ ఇటూ మార్చారు. ఏడాది చివర మూడు మాత్రల దారి ఇంజెక్షన్ దారికి తీసిపోలేదు. కనుక ఖరీదైన మందుకు వెళ్లేముందు "మూడు మాత్రలూ చూశామా?" అని అడగాలి. చూసినా వాపు ఆగకపోతే అప్పుడు జంకకూడదు. అలాంటి ఇల్లాలికి పోలిక మందు నిజంగా వరమే.

ఇంకో ఖర్చును ముందే చూసుకోవాలి. 2001లో అమెరికా వైద్యులు ఇన్‌ఫ్లిక్సిమాబ్ వాడినవాళ్లలో 70మందికి క్షయ బయటపడిందని ప్రకటించారు. మన దేశంలో క్షయ ఒంట్లో నిద్రపోతూ ఉండేవాళ్లు ఎందరో. టీఎన్ఎఫ్‌ను అడ్డుకుంటే అది నిద్రలేస్తుంది. కనుక మొదటి సూదికి ముందే ఛాతీ ఎక్స్‌రే, క్షయ పరీక్ష, కామెర్ల పరీక్ష చేయించాలి. ఆ కొద్దిపాటి ఖర్చు దగ్గర మిగుల్చుకుంటే తరువాత పెద్దఖర్చు మీదపడుతుంది. మందు ధరలో ఈ పరీక్షలు, చల్లగా పెట్టి తెచ్చుకునే ఏర్పాటు, కర్నూలు పెద్దాసుపత్రికో హైదరాబాదు నిమ్స్‌కో వెళ్లివచ్చే దారిఖర్చు, అన్నీ కలపాలి.

చివరగా మూడు మాటలు. పొద్దున్నే చేతులు అరగంట, గంటసేపు బిగుసుకుని, ఆరువారాలపాటు వాపు తగ్గకపోతే "వాతంలే" అని ఊరుకోకండి. మొదటి నెలల్లో పట్టుకున్న జబ్బుకు చవక మందే చాలవచ్చు. ఆలస్యమైతే కీలు ఒరిసిపోతుంది. ఒరిసిన కీలును ఏ లక్షల మందూ తిరిగి తేలేదు. రెండోది, డాక్టరుగారు ఇంజెక్షన్ రాసినప్పుడు ధర ఒక్కటే అడగకండి. "ఎన్నాళ్లు వాడాలి? ఎన్ని నెలలకు గుణం చూసి కొనసాగించాలో ఆపాలో తేలుస్తారు? పోలిక మందు ఉందా?" అని అడగండి. రిటుక్సిమాబ్ అయితే రెండు వారాల తేడాతో రెండు విడతలు ఎక్కించి, మళ్లీ ఆరునెలల తరువాత చూస్తారు. కొన్నిటికి నెలకు రెండు సూదులు. ఇంటి ఆదాయానికి ఏది నిలుస్తుందో ముందే కూర్చుని చూసుకోవాలి. మూడోది, ఆరోగ్యం బాగుపడిందని మెథోట్రెక్సేట్ మీ అంతట మీరే మానేయకండి.

భీమవరంలో పుట్టినవాడి బృందం చేతుల్లోంచి వచ్చిన పదుల రూపాయల మాత్ర ఒకటి, హైదరాబాదు ఉక్కు తొట్లలోంచి వచ్చిన వేల రూపాయల సీసా మరొకటి. మొదటిది తలుపు దగ్గరే ఉంది, రెండోదానికి గడప సగం తగ్గింది. ఏది ఎప్పుడు కావాలో తెలుసుకుని, మొదలుపెట్టినది ఆపకుండా వాడే ఇంట్లోనే ఖర్చుకు తగ్గ ఫలం దక్కుతుంది. సెలవు.